పిల్లికి జీతం రాసిన పద్దు



చరిత్ర అనగానే మనకు రాజులూ, యుద్ధాలూ, పట్టాభిషేకాలే గుర్తుకొస్తాయి. మెట్రిక్ చదివే రోజుల్లో ఆ తేదీలు బట్టీ పట్టలేక నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఇవాళ నేను చెప్పబోయే చరిత్రలో మాత్రం రాజు లేడు. ఓ పిల్లి ఉంది. దానికి జీతం కూడా ఉంది!

ఇంగ్లండులో నైరుతి దిక్కున ఎక్సెటర్ అనే ఊరుంది. అక్కడి పెద్ద చర్చిని కెథడ్రల్ అంటారు, అంటే బిషప్‌గారి పీఠం ఉన్న చర్చి అన్నమాట. 1050లో లియోఫ్రిక్ అనే బిషప్ తన పీఠాన్ని ఆ ఊరికి మార్చుకున్నాడు. అప్పటికి అక్కడ ఉన్నవి నాలుగైదు పాత పుస్తకాలే. 1072లో ఆయన కన్నుమూసేనాటికి ఆ చర్చికి అరవైకి పైగా పుస్తకాలు ఇచ్చాడు.

వాటిలో ఒకటి, పదో శతాబ్దంలో చేత్తో రాసిన పాత ఇంగ్లీషు కవితల పుస్తకం. భర్తకు దూరమై ఒంటరిగా కుమిలిపోయే ఇల్లాలి వేదన అందులో ఉంది. తొంభైకి పైగా పొడుపు కథలూ ఉన్నాయి. ఉల్లిపాయ మీద కూడా ఒకటుందంటే చూడండి, ఏ దేశమైనా వంటిల్లు వంటిల్లే! అయితే మధ్యలో ఎవరికో దాని విలువ తెలియలేదు. మొదటి ఆకుల మీద కత్తిగాట్లున్నాయి, గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉంది. చివరి ఆకులు నిప్పుకు కాలి చిల్లుపడ్డాయి. ఆ పుస్తకాన్నే 2016లో యునెస్కో ప్రపంచ స్మృతి కార్యక్రమానికి చెందిన బ్రిటన్ జాతీయ పట్టికలో చేర్చారు.

ఇక పిల్లి సంగతి. ఆ చర్చి కాగితాల్లో ఖర్చుల పద్దులున్నాయి. 1305 నుంచి 1467 వరకూ మూడు నెలలకు 13 పెన్నీల చొప్పున కావలివాళ్ళకూ పిల్లికీ అని రాసి ఉంది. అంటే వారానికి ఒక పెన్నీ. ఎలుకల్ని పట్టే ఉద్యోగం మరి! కొన్నిసార్లు 26 పెన్నీలు కనిపిస్తాయి. రెండో పిల్లి వచ్చిందా, జీతం పెరిగిందా? ఆ పద్దు చెప్పదు. చదివినవాళ్ళే ఆలోచించుకోవాలి. 1598లో తలుపుకు పిల్లి దూరే కంత చేసినందుకు వడ్రంగులకు 8 పెన్నీలు ఇచ్చినట్టు మరో పద్దు.

ఇవన్నీ బయటికెలా వచ్చాయంటారా? ఓపికతో. ఏం చూడాలో ముందే ఉత్తరం రాసి, అనుమతి వచ్చాక వెళ్ళాలి. ఇలాంటి చోట పెన్సిలు తప్ప సిరా కలం వాడనివ్వరు. పాత పుస్తకాన్ని పసిబిడ్డలా మెత్త మీద పడుకోబెట్టి చదవాలి. లాటిన్ భాష, అందులో సగం సగం విరిచి రాసిన మాటలు. ఆ కెథడ్రల్ కట్టడానికి 1279 నుంచి 1353 వరకూ అయిన ఖర్చుల పద్దులను ఆడ్రీ ఎర్‌స్కిన్ అనే మహిళ పరిష్కరించి 1981, 1983లలో రెండు సంపుటాలుగా వెలువరించింది. ఏ వారం కూలి ఎంత, రాయికెంత, కర్రకెంత అన్నీ అందులో తెలుస్తాయి.

1942 మే నెలలో జర్మన్ విమానాలు ఎక్సెటర్ మీద బాంబులు వేశాయి. కెథడ్రల్‌లో ఒక భాగం కూలిపోయింది. ముందుచూపుతో ఆ కవితల పుస్తకాన్నీ, విలువైన పత్రాలనూ అప్పటికే వేరే చోటికి తరలించారు. లేకపోతే ఆ ఇల్లాలి వేదన ఆ రాత్రే బూడిదై ఉండేదేమో.

అమ్మా, ఈ సంగతులు చదివాక నాకో విషయం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మా అత్తగారు ఏళ్ళ తరబడి పాల పద్దు, చాకలి పద్దు, పురుళ్ళ ఖర్చు, పెళ్ళిలో ఎవరేం చదివించారో అన్నీ నోటు పుస్తకాల్లో రాసేవారు. ఆవిడ పోయాక ఇల్లు సర్దుతూ వాటన్నిటినీ పాత కాగితాలవాడికి తూకానికి వేసింది నేనే. ఇప్పుడు మా అమ్మాయి, "నేను పుట్టినప్పుడు మంత్రసానికి ఏమిచ్చారమ్మా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. పిల్లికిచ్చిన పెన్నీ ఏడు వందల ఏళ్ళు నిలిచింది. మా ఇంటి లెక్క ఒక్క తరమైనా నిలవలేదు.

మీ ఇంట్లో అటక మీద అలాంటి పుస్తకాలేమైనా ఉంటే అమ్మేయకండి. దుమ్ము దులిపి, ఒక్కసారి తెరిచి చదవండి.

సెలవు.