ఊరి సినిమాకి దూరపు దారి

భీమిలిలో విశాఖ బస్సెక్కి ఎడమవైపు కిటికీ పట్టుకోండి. గోస్తని సముద్రంలో కలిసే చోటు వెనక్కి జారిపోతుంది. ఇసుకలో ఆరేసిన వలలు, ఒడ్డుకు లాగిన పడవలు, ఎండుచేపల వాసన. ఇలాంటి ఓ జాలరి ఇంటి పిల్ల కథే రజ్నేష్ దోమలపల్లి తీసిన ‘వనజ’. 2006లో టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆడింది, 2007లో బెర్లిన్ ఫెస్టివల్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి పొందింది. ఆ తర్వాతే అమెరికా థియేటర్లకు వెళ్లింది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ముగ్గురు కుర్రాళ్లు ఎక్కుతారు. భుజాన కెమెరా సంచి, ట్రైపాడ్ కాళ్లకు ఎర్రటి ధూళి.

“షార్ట్ ఫిల్మా బాబూ?”

“కాదండీ, గంటన్నర సినిమా. అయిపోతే యూట్యూబ్‌లో ఎట్టేస్తాం. మాకు హాళ్లెవులిస్తారు?”

నిజమే, ఎవరిస్తారు? ఒక్క శుక్రవారం బొమ్మ పడాలంటే థియేటర్ అద్దె, పోస్టర్లు, క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకు కట్టే చార్జీ. పేరున్న హీరో లేకపోతే పంపిణీదారు ట్రైలర్ కూడా చూడడు.

తొట్లకొండ దాటాం. “స్టూడియో దిగీవోళ్లెవులూ?” కండక్టర్ కేక. గుట్ట మీద రామానాయుడు స్టూడియో. ఇక్కడి నుంచి విశాఖలోని కంచరపాలెం పేట సిటీబస్సు దూరమే. వెంకటేష్ మహా ఆ పేటలోనే, ఎక్కువగా నటనంటే తెలియని పేటవాళ్లతో ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశాడు. డబ్బు పెట్టింది అమెరికాలో గుండె వైద్యురాలైన ప్రవీణ పరుచూరి. 2018లో సినిమా న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైంది. ఆ సెప్టెంబరు 7న నటుడు రానా సమర్పణలో, ఈ స్టూడియో యజమానులైన సురేష్ ప్రొడక్షన్స్ ద్వారా మన హాళ్లలోకి వచ్చింది. ఒకే ఊళ్లోని పేటకూ గుట్టకూ మధ్య న్యూయార్క్ ఉందన్నమాట!

ఆ ఎంపిక ఒక్కటే తలుపు తీసిందని అనను, సినిమాలో దమ్ముంది. కానీ రోజుకు పది సినిమాల లింకులు వచ్చిపడే పంపిణీదారు వాటిలో ఏది ముందు తెరవాలి? ముక్కూ మొహం తెలియని ఎంపిక బృందం, ఎవరి సిఫారసూ లేకుండా వందల్లోంచి ఏరిందంటే, దాన్ని తెరవడానికి అతనికో కారణం దొరుకుతుంది. పంపిణీదారుడికి ఫెస్టివల్ ఇచ్చే మొదటి హామీ అదే.

రుషికొండ వస్తోంది. కుర్రాళ్లు నా వైపు తిరిగి కూర్చున్నారు.

“యూట్యూబ్‌లో మాత్రం ఇప్పుడే పెట్టకండి. ఒకసారి జనంలోకి వదిలేసిన సినిమాని చాలా ఫెస్టివళ్లు తీసుకోవు, తొలి ప్రదర్శన తమదే కావాలంటాయి. గోవాలో ఏటా నవంబరులో ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్, అంటే సినిమాల సంత జరుగుతుంది, 2007 నుంచీ ఉంది, ఇప్పుడు దాన్ని వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు. అక్కడి వ్యూయింగ్ రూమ్‌లో కొనేవాళ్లు తెర ముందు కూర్చుని అమ్ముడుపోని సినిమాలు చూస్తారు. పూర్తికాని సినిమాలకూ అక్కడ వేరే విభాగం ఉంది.”

“ఫీజెంతవుద్దండీ?” ఇందాకటి కుర్రాడు.

“సైట్‌లో ఉంటుంది, చూడు. ముందు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాయించండి. భీమిలి మాట గోవాలో కూర్చున్నవాడికి అర్థం కావాలిగా.”

వాడు ఫోన్ తీసి అప్పుడే వెతకడం మొదలుపెట్టాడు.