జప్తు

గట్టిగా పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం అనే అర్థాలున్న అరబ్బీ పదం ‘జబ్త్’ పారసీ, ఉర్దూ పాలనా వ్యవహారాల మీదుగా తెలుగులోకి వచ్చి, బాకీ కట్టనివారి ఆస్తిని అధికారికంగా స్వాధీనం చేసుకోవడమనే అర్థంలో ‘జప్తు’గా స్థిరపడింది, అక్బరు కాలంలో పొలం కొలిచి శిస్తు కట్టే పద్ధతికీ ‘జబ్తీ’ అనే పేరుండేది. బాకీ కింద ఇంటి తలుపులు ఊడదీసుకుపోవడం చూసిన పల్లెల్లో ఈ మాట వింటే నష్టం కంటే పరువు పోతుందన్న భయమే ఎక్కువ. బ్యాంకు ఖాతాలోని నిల్వకు మించి వాడుకోనిచ్చే అప్పు అయిన ఓవర్‌డ్రాఫ్టు లెక్కపై వివాదం తేలకముందే వసూలు ఏజెంట్లు ఆ భయాన్నే ఆయుధం చేసుకోవడం ముమ్మాటికీ అన్యాయం. తాకట్టు లేని బ్యాంకు బాకీకి సాధారణంగా కోర్టు లేదా ట్రిబ్యునల్ ఉత్తర్వు లేనిదే జప్తు ఉండదు. ఉత్తర్వు వచ్చినా 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలోని 60వ సెక్షను కట్టుబట్టలను, వంటపాత్రలను, చేతివృత్తివారి పనిముట్లను మినహాయిస్తుంది. తాకట్టు ఉండి 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తించేచోట బ్యాంకు ముందుగా 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి, ఖాతాదారు లెక్కను తప్పుపడుతూ అభ్యంతరం పంపితే, దానిని అంగీకరించని పక్షంలో 15 రోజుల్లో కారణాలు తెలపాలి.