ఒక మానుకు ఎన్ని మొక్కలు?

చిత్తూరు జిల్లాలో రోడ్డు పక్క చింతమానుకు తరతరాలుగా ఒకటే లెక్క. కాపుకొచ్చాక వేలం పెడతారు, ఎవరో పాట పాడి దక్కించుకుంటారు, కాయ రాల్చుకుని పోతారు. ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో పోరంబోకు చెట్ల ఫలసాయానికి 2సి పట్టా అని ఒకటి ఉండేది. నేల సర్కారుది, కాయ పట్టాదారుది. ఇక చెట్టు కూలితే కట్టెల లెక్క. ఈ జిల్లాలోని ఐరాల మండలంలో ఉన్న కాణిపాకానికి ఎండన పడి నడిచిపోయే భక్తుడికి ఆ మాను ఇచ్చిన నీడ మాత్రం ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు. నీడకు పాట పాడేవాడెవడు?

నీడనూ, గాలినీ, తేమనూ లెక్కలోకి తేవాలన్న ఆలోచన మొలకెత్తిన చోట్లలో మద్రాసు ఒకటి. ఎడ్వర్డ్ బాల్ఫోర్ అని సైన్యంలో వైద్యుడు. చెట్లకూ వానకూ నేలలో తేమకూ ఉన్న సంబంధం గురించి 1849లో మద్రాసు పత్రికలో వ్యాసం రాశాడు. ఆ మరుసటి ఏడు ఎడిన్‌బరోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభ, ఉష్ణదేశాల్లో అడవులు పోతే ఏమవుతుందో తేల్చమని ఒక సంఘాన్ని వేసింది. 1851లో వచ్చిన ఆ నివేదికను ప్రధానంగా రాసినవాడు హ్యూ క్లెగ్‌హార్న్. ఆయనా మద్రాసు సర్వీసులో డాక్టరే. 1856లో మద్రాసు రాజధానికి అడవుల కన్సర్వేటరు అయ్యాడు. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉంది, సొంత జిల్లా కావడానికి 1911 దాకా ఆగాలి. అడవి గురించి ముందుగా బెంగ పడినవాళ్లలో ఇద్దరు వైద్యులుండటం నాకు వింతగా అనిపించదు. కరువు వచ్చిన ఏడాది జనం ఎలా జబ్బు పడతారో వాళ్లు కళ్లారా చూసినవాళ్లు.

కానీ వాళ్ల చేతిలో అంకెలు లేవు. అంకెలు ఉన్నది కలప లెక్కగాళ్ల దగ్గర. అదే 1856లో బర్మాలోని పెగూలో డీట్రిచ్ బ్రాండిస్ అనే అడవుల అధికారి ఏనుగెక్కి టేకు అడవిలో తిరుగుతూ, కనిపించిన ప్రతి చెట్టుకూ వెదురుముక్క మీద కత్తితో గాటు పెట్టుకుంటూ పోయాడు. లావు చెట్టుకు ఒక ముక్క, సన్నదానికి మరొకటి. ఆ గాట్ల మీదే అడవి శాఖ పద్ధతులు ఎదిగాయి. చుట్టుకొలత, ఎత్తు, ఎన్ని ఘనపుటడుగుల కలప. రైలు పట్టాల కింద స్లీపర్లు కావలసిన కాలమది. చెట్టు అంటే కలప.

ఆ తర్వాత వందేళ్లు ఈ కథలో పెద్దగా ఏమీ జరగలేదు. 1960ల్లో కెనడాలోని టొరంటోలో ఒక తెగులు వల్ల వీధి పక్క ఎల్మ్ చెట్లు వరుసగా చచ్చిపోతుంటే, ఎరిక్ యోర్గెన్‌సెన్ అనే అధ్యాపకుడు ఊళ్లోని చెట్లన్నిటినీ కలిపి ఒక అడవిగా చూడాలన్నాడు. అర్బన్ ఫారెస్ట్రీ అన్న పేరు 1965లో ఆయన నోటి నుంచే వచ్చింది.

ఇంకోపక్క, ఏదైనా కట్టేముందు దాని దెబ్బ దేనిమీద పడుతుందో చూడాలన్న చట్టం అమెరికాలో 1970 జనవరి 1న వచ్చింది. చట్టమైతే వచ్చింది గానీ, చూడటం ఎలాగో ఎవరికీ తెలియదు. 1971లో లూనా లియోపోల్డ్ అనే జలశాస్త్రవేత్త తన తోటివారితో కలిసి పెద్ద పట్టిక ఒకటి గీశాడు. అడ్డంగా మనిషి చేసే పనులు 100, నిలువుగా ప్రకృతిలోనూ సమాజంలోనూ దెబ్బ తగలగల అంశాలు 88. మొత్తం 8,800 గడులు. ఒక్కో గడికీ దెబ్బ ఎంత పెద్దది, ఎంత ముఖ్యమైనది అని రెండు మార్కులు. ఇవాళ మన దేశంలో తయారయ్యే పర్యావరణ ప్రభావ నివేదికల్లో చాలావాటికి ఆ పట్టిక పోలికలే ఉంటాయి. అందులో ఒక చిక్కు ఉంది. మార్కులు వేసేది మనిషి. చెట్లు అన్న గడిలో ఒకటి వేయాలా పది వేయాలా అన్నది ఆ కన్సల్టెంటు చిత్తం.

ఆ గడిలో రాయడానికి కొలిచిన అంకె ఒకటి దొరికింది షికాగోలో. నా లెక్కన ఈ కథకు గుండెకాయ అదే.

1991లో ఆ నగరంలో మూడేళ్ల అధ్యయనం మొదలైంది. గ్రెగరీ మెక్‌ఫెర్సన్, డేవిడ్ నోవాక్, రోవన్ రౌన్‌ట్రీ దాన్ని నడిపారు. ఊరంతా చెట్లు కొలవడం అయ్యే పని కాదు. అందుకని ఎక్కడ పడుతుందో చూడకుండా నమూనా గళ్లు వేసుకున్నారు. ఆ గడి పెరట్లో పడనీ, పార్కులో పడనీ, కార్లు ఆపే చోట పడనీ, అందులో ఉన్న ప్రతి చెట్టూ కొలవాల్సిందే. జాతి ఏమిటి, రొమ్మెత్తున మాను మందం ఎంత, ఎత్తు ఎంత, తల ఎంత మేర పరుచుకుంది, అందులో ఎండిన భాగం ఎంత.

కొత్తదనం ఈ చివరి రెండు కొలతల్లో ఉంది. కలప కావలసినవాడికి మాను చాలు. వీళ్లకు కావలసింది ఆకు. తల విస్తీర్ణం తెలిస్తే ఆకుల మొత్తం వైశాల్యం అంచనా కట్టవచ్చు. ఆకు ఉపరితలం మీద ధూళి పేరుకుంటుంది. ఆకు రంధ్రాల గుండా ఓజోన్, సల్ఫర్ డయాక్సైడ్ లోపలికి పోతాయి. ఆకు నుంచే నీరు ఆవిరై చుట్టూ గాలి చల్లబడుతుంది. గంటగంటకూ నమోదైన వాతావరణ, కాలుష్య అంకెలను ఆ వైశాల్యంతో కలిపి లెక్క వేస్తే, చెట్టు ఏడాదిలో ఎంత పని చేసిందో కిలోల్లో వస్తుంది. మన అనంతపురం దిక్కున ఉన్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది కూడా ఎత్తును బట్టి కాదు, తల పరుచుకున్న 19,107 చదరపు మీటర్లను బట్టి. అంటే నాలుగున్నర ఎకరాలకు పైమాటే.

1994లో షికాగో నివేదిక వచ్చింది. నగరంలో 41 లక్షల చెట్లు. అవి 1991లో గాలిలోంచి 212 టన్నుల సన్నధూళినీ, 191 టన్నుల ఓజోన్‌నూ తీశాయి. మరో మూడు వాయువులూ కలిపితే మొత్తం 591 టన్నులు. నగరం వరకు ఆ పని విలువ ఏడాదికి పది లక్షల డాలర్లు. నిజం చెప్పాలంటే అంత పెద్ద నగరానికి ఇది పెద్ద మొత్తమేమీ కాదు. నివేదికలో అసలు సరుకు వేరే చోట ఉంది. 77 సెంటీమీటర్లకు మించిన మందం ఉన్న ఆరోగ్యమైన చెట్టు, 8 సెంటీమీటర్ల లోపు మందం ఉన్న చెట్టు కన్నా ఏడాదికి దాదాపు 70 రెట్లు ఎక్కువ కాలుష్యం తీస్తుంది. పెద్దది 1.4 కిలోలు, చిన్నది 20 గ్రాములు.

77 సెంటీమీటర్ల మందం అంటే చుట్టుకొలత ఎనిమిది అడుగులు. నడివయసు దాటిన చింతమాను అవలీలగా అంత ఉంటుంది. ఒక చెట్టు కొట్టి పది మొక్కలు నాటుతామని చెప్పేవాళ్లు ఈ ఒక్క అంకె ముందు నిలబడలేరు. అదీ ఆ పదీ బతికితే కదా. రాయలసీమలో మార్చి దాటాక మొక్కకు నీళ్లెవరు పోశారు?

నోవాక్ బృందం ఈ లెక్కను కంప్యూటర్ నమూనాగా మార్చింది. 2006లో అది ఐ-ట్రీ అన్న పేరుతో ఉచితంగా అందరికీ అందింది. మంచి మాత్రమే కాదు, చెడు కూడా రాస్తుంది. కొన్ని జాతులు వదిలే ఆవిరులు ఎండలో ఓజోన్ పుట్టడానికి తోడ్పడతాయి, వాటిని తీసివేతల్లో చూపిస్తుంది. అయితే దాని పునాది సమీకరణాలు చాలావరకు అమెరికా చెట్లవి. వేపకూ, కానుగకూ, చింతకూ వాటిని అలాగే తగిలించడం సబబు కాదు. మన సమీకరణాలు మనం తయారు చేసుకోవాలి.

మన దేశంలో లెక్క వేరే దారి పట్టింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో తారక్ మోహన్ దాస్ అనే ఆచార్యుడు 1970ల చివర, 50 టన్నుల చెట్టు 50 ఏళ్లలో చేసే మేలు విలువ 15.7 లక్షల రూపాయలని తేల్చాడు. కాలుష్యం తగ్గించినందుకు 5 లక్షలు, నీటి చక్రానికీ తేమకూ 3 లక్షలు, ప్రాణవాయువుకు రెండున్నర లక్షలు, ఇలాగ. కలప, కాయ, పువ్వు ఇందులో లేవు. ఆ అంకె దేశమంతా పాకింది. 2021లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన నిపుణుల నివేదికలో మళ్లీ అలాంటి అంకె కనిపించింది. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టాలన్న కేసది. చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయలు, అందులో 45,000 ఒక్క ప్రాణవాయువుకే.

ఈ ప్రాణవాయువు ధర దగ్గర నాకు పేచీ ఉంది. గాలిలో అయిదో వంతు ప్రాణవాయువే, దానికి కొరత లేదు. చెట్టు ఇచ్చినదాంట్లో చాలా భాగం దాని శ్వాసకూ, రాలిన ఆకు కుళ్లడానికీ తిరిగి ఖర్చయిపోతుంది. నోవాక్ తానే 2007లో, ఊరి చెట్ల ప్రాణవాయువు లెక్కపెట్టదగినంత మేలు కాదని రాశాడు. ఆసుపత్రి సిలిండర్ ధరతో చెట్టును కొలిస్తే పత్రికలకు పతాక శీర్షిక దొరుకుతుంది. కోర్టులో ఎదుటి వకీలుకు కూడా పట్టు దొరుకుతుంది. నీడ, చల్లదనం, దుమ్ము, వాననీరు. ఇవి కొలిచి చూపించగలిగినవి.

మరి మన చట్టం ఇవి అడుగుతుందా? పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి చేస్తూ కేంద్రం 1994 జనవరి 27న నోటిఫికేషన్ ఇచ్చింది. 2006 సెప్టెంబరు 14న దాన్ని తిరగరాసింది. 2013లో చేసిన సవరణ ప్రకారం, ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేయాలంటే 100 కిలోమీటర్లు దాటి, పాత దారి వెంబడి 40 మీటర్లకు మించి అదనపు స్థలం తీసుకుంటేనే ఈ అనుమతి కావాలి. అంతకు తక్కువైతే నివేదిక లేదు, 8,800 గడులూ లేవు. మండల రోడ్ల మాట చెప్పనే అక్కర్లేదు. మిగిలేది 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు కొట్టే అనుమతి, బదులుగా నాటే మొక్కలు. ఆ కాగితంలో చెట్లు తలల లెక్కే. ఎనిమిదడుగుల మానూ ఒకటే, నిరుడు మొలిచిన సుబాబుల్ కూడా ఒకటే.

ఉపగ్రహం చూస్తుందిగా అంటారు. అటవీ సర్వే వాళ్ల పటంలో అడవి అనిపించుకోవాలంటే కనీసం ఒక హెక్టారు ఉండాలి. రోడ్డు పక్క ఒంటి వరుస అందులోకి రాదు. 2020లో ప్రకటించిన నగర వనాల పథకం కూడా ఒకచోట కంచె వేసి పెంచే వనాల కోసమే. అది మంచి పనే, కానీ వీధి చెట్టుకు దానిలో చోటు లేదు.

ఈ ఖాళీని జనమే పూడ్చిన చోటు హైదరాబాద్ పక్కన ఉంది. అప్పా కూడలి నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడకు పోయే రోడ్డు పొడవు 46 కిలోమీటర్లు, దాని పక్కన సుమారు తొమ్మిది వందల మర్రిచెట్లు. విస్తరణ మాట రాగానే కొందరు ప్రకృతి ప్రేమికులు వాటిని ఒక్కొక్కటిగా లెక్కించి, జీపీఎస్‌తో పటంలో గుర్తులు పెట్టారు. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. చెట్లున్నాయని నోటిమాటగా చెప్పడం వేరు, ఫలానా చోట ఫలానా మర్రి అని జాబితా చేతిలో పెట్టుకుని నిలబడటం వేరు.

ఐరాల లాంటి మండలంలో ఇందుకు పెద్ద సామాను అక్కర్లేదు. దర్జీ టేపు, నోటు పుస్తకం, ఫోను చాలు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర చుట్టుకొలత తీయాలి. మిట్టమధ్యాహ్నం నేల మీద పడ్డ నీడను రెండు దిక్కులా కొలిస్తే తల విస్తీర్ణం రమారమి వస్తుంది. జాతి, ఎండిన కొమ్మలు, ఫోనులో చోటు గుర్తు, ఒక ఫొటో. హైస్కూలు పిల్లలు ఒక ఆదివారం చేయగల పని.

రాసినదాన్ని పెట్టడానికి చోటు కూడా చట్టమే ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయించాలి. మీ పంచాయతీ రిజిస్టరు ఎక్కడుందో వచ్చే గ్రామసభలో అడగండి. రోడ్డు పక్క మానుల కొలతలు అందులో చేర్చమని అర్జీ పెట్టండి. రోడ్డు వెడల్పుకు సర్వే రాళ్లు పాతక ముందే పెట్టండి.