కరంజియాకు వచ్చిన పెద్దన్న

మన గూడేలకు బయటినుంచి వచ్చినవాళ్లు చాలామందే. జంగ్లాత్ వాళ్లు వచ్చారు, షావుకార్లు వచ్చారు, గొలుసు పట్టుకుని భూమి కొలిచేవాళ్లు వచ్చారు. సేవ చేస్తామంటూ వచ్చినవాళ్లూ ఉన్నారు. సేవకు వచ్చినవాళ్ల కథలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఏ దేశం నుంచి వచ్చారో, ఏమేం వదులుకున్నారో, ఎన్ని జబ్బులు పడ్డారో అన్నీ రాసి ఉంటాయి. ఆ కొత్త మనిషికి చోటిచ్చినవాళ్లెవరు, మాట నేర్పినవాళ్లెవరు, అడవి దారి చూపినవాళ్లెవరు? ఆ సంగతి రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. అందుకే అలాంటి కథ ఒకటి తీసుకుని, ఈసారి మన గుమ్మంలో నిలబడి చూద్దాం. అది వెరియర్ ఎల్విన్ కథ.

ఎల్విన్ 1902లో ఇంగ్లాండులోని డోవర్‌లో పుట్టాడు. తండ్రి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు బిషప్. ఎల్విన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం, మతశాస్త్రం చదివి రెండింటిలోనూ మొదటి తరగతి తెచ్చుకున్నాడు. చర్చిలో మంచి పదవే దొరికేది. అది వదిలి 1927లో పూణేలోని క్రిస్త సేవా సంఘంలో చేరడానికి ఓడ ఎక్కాడు. తెల్లవాళ్లు ఈ దేశం నుంచి తీసుకున్నదే ఎక్కువ, తమ ఇంటినుంచి ఒక్కరైనా ఇవ్వడానికి వెళ్లాలి అన్నది ఆయన ఆలోచన. అప్పటికి వయసు 25.

వచ్చిన కొద్ది నెలలకే, 1928 జనవరిలో, సబర్మతి ఆశ్రమంలో గాంధీని కలిశాడు. ఖద్దరు కట్టాడు. స్వాతంత్ర్యోద్యమం వైపు మొగ్గాడు. దాంతో సర్కారుకు అనుమానం పెరిగింది, చర్చి పెద్దలకు కోపం వచ్చింది. పేదల మధ్య ఎక్కడైనా కుదురుకోవాలని చూస్తుంటే, గోండుల దగ్గరికి వెళ్లమని జమ్నాలాల్ బజాజ్ చెప్పాడు. అలా 1932 జనవరి చివర్లో, మరాఠీ మిత్రుడు షామ్‌రావ్ హివాలేతో కలిసి మైకల్ కొండల్లోని కరంజియా చేరుకున్నాడు. అప్పుడది మండ్లా జిల్లా. నర్మద పుట్టే అమరకంటక్‌కు దగ్గరి ఊరు.

ఒక్కసారి ఆ ఊరివాళ్ల కళ్లతో చూడండి. తెల్లవాడంటే అప్పటిదాకా అధికారి. ఈ తెల్లవాడు ఖద్దరు కట్టుకుని వచ్చి, మీ మధ్యే ఉంటానంటాడు. భయపడకుండా ఎవరుంటారు? అయినా టికరీ టోలా గుట్ట మీద మట్టి గోడలు లేచాయి. పండా బాబా అనే గోండు గునియా వాళ్లకు తొలి స్నేహితుడయ్యాడు. గునియా అంటే మన దగ్గర దేవుడు పలికే, జబ్బుకు మంత్రం వేసే పెద్దమనిషి లాంటివాడు. మందుల పెట్టె తెచ్చిన కొత్త మనిషిని చూసి, తన పని పోతుందని ఆయన శత్రువు కావచ్చు. కాలేదు. ఊరు ఆ ఇద్దరికీ వరసలు కూడా కలిపింది. ఎల్విన్‌ను బడా భాయ్ అన్నారు, షామ్‌రావ్‌ను ఛోటా భాయ్ అన్నారు. పెద్దన్న, చిన్నన్న. వరస కలిపామంటే ఇంటి మనిషిని చేసుకున్నట్టే కదా.

పెద్దన్న తనతో తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. ప్రార్థన, రాట్నం, శాకాహారం, మద్యనిషేధం. గూడెంలో ఇవి ఒక్కొక్కటిగా జారిపోయాయి. పత్తి పండని చోట రాట్నం దేనికి? ఇప్పసారా పుట్టుక నుంచి చావు దాకా ప్రతి కార్యంలో దేవుళ్లకూ పితరులకూ పోసేది. దాన్ని పాపమంటే అక్కడ నిలవడం ఎలా? మలేరియా ఆయనను పదే పదే పడేసింది. బడులు పెట్టారు, మందులిచ్చారు, కుష్ఠు రోగులకు ఆశ్రయం కట్టారు. మతం మార్చే పనికి మాత్రం ఆయన చేయి వెళ్లలేదు. బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనన్నందుకు బిషప్ ఆయనకు పూజారిగా అనుమతి ఇవ్వలేదు. 1935లో ఎల్విన్ చర్చినే వదిలేశాడు.

నేర్పడానికి వచ్చినవాడు అలా నేర్చుకునేవాడయ్యాడు. ఆయనకు గురువులు ఎవరు? ప్రధాన్లు పాటలు వినిపించారు. మన ఆదిలాబాద్ ప్రధాన్లు కిక్రి వాయించినట్టే, అక్కడి ప్రధాన్లు బానా వాయిస్తూ గోండు రాజుల కథలు పాడతారు. బైగాలు తమ బేవర్ గురించి చెప్పారు. బేవర్ అంటే మన పోడే. నాగలితో దున్నితే భూమితల్లి రొమ్ము చీల్చినట్టని వాళ్ల నమ్మకం. సర్కారు బేవర్‌ను ఆపేసి, ఒక చిన్న ప్రాంతానికి మాత్రం పరిమితం చేసింది. ఆ బాధ విని ఎల్విన్ 1939లో బైగాల మీద పెద్ద పుస్తకం రాశాడు. అడవి మీద ఆదివాసీ హక్కు గురించి గట్టిగా మాట్లాడాడు. అది మనకు జరిగిన మేలు, దాన్ని కాదనలేం. పుస్తకం మీద పేరు ఒక్కటే ఉన్నా, అందులోని జ్ఞానం ఒక జాతి మొత్తానిది. అదీ మరవలేం.

ఇక కోసి సంగతి. రైత్వార్‌కు చెందిన రాజగోండు అమ్మాయి, ఎల్విన్ బడిలో చదువుకున్న పిల్ల. 1940లో ఆయన ఆమెను పెళ్లి చేసుకున్నాడు. 1949లో కలకత్తా హైకోర్టు ఆమె లేకుండానే విడాకులు ఇచ్చింది. ఎల్విన్ తర్వాత పటన్‌గఢ్ ప్రధాన్ యువతిని పెళ్లి చేసుకుని, షిల్లాంగ్ వెళ్లి, ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి సలహాదారు అయ్యాడు. భారత పౌరసత్వం తీసుకున్నాడు. 1964లో ఢిల్లీలో చనిపోయాడు. ఆయన ఆత్మకథకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంత పెద్ద ఆత్మకథలో కోసికి దక్కిన చోటు చాలా తక్కువ. ఆమె మాత్రం రైత్వార్‌లోనే, పేదరికంలోనే ముసలిదైంది. ఎల్విన్ చేసిన మేలును లెక్కించేటప్పుడు ఈ పేరు కూడా ఆ లెక్కలో ఉండాలి. ఇంటి మనిషిని చేసుకున్నవాళ్లకు అడిగే హక్కు ఉంటుంది.

ఇది మండ్లా కథే అయినా మనకు దూరం కాదు. అక్కడి గోండులూ మన గోండులూ ఒకే జాతి. మన శ్రీకాకుళం సవరల బంధువులు సరిహద్దుకు అవతల ఒడిశా కొండల్లో ఉన్నారు. వాళ్ల దేవుళ్ల గురించి కూడా ఎల్విన్ 1955లో పుస్తకం రాశాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండుల బాధలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మతప్రచారకుడు కాదు, పరిశోధకుడు. ఆయనకు చోటిచ్చింది మార్లవాయి. అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీ వాచకాలు తయారయ్యాయి. ఆయన పేరు మనందరికీ తెలుసు. ఆయనకు గోండీ నేర్పిన మార్లవాయి మనుషుల పేర్లు మనలో ఎందరం చెప్పగలం?

ఉపాధ్యాయ మిత్రులారా, మీలో చాలామంది కూడా ఏదో ఒక గూడేనికి కొత్త మనిషిగా వెళ్లినవాళ్లే. మన పిల్లలే చదువుకుని ఇంకో తెగ ఊరికి టీచరుగా, నర్సుగా వెళుతున్నారు. మొదటి రాత్రి మీకు చాప పరిచిందెవరు, జొన్న గటక పెట్టిందెవరు, మీరు తప్పు పలికితే నవ్వకుండా సరిదిద్దిందెవరు? గుర్తు చేసుకోండి.

యువతరానికి మాదొక పని. మీ ఊరి పెద్దల దగ్గర కూర్చోండి. మన ఊరికి మొదట వచ్చిన టీచరు, డాక్టరు, ఫాదరు, పరిశోధకుడు ఎవరని అడగండి. వాళ్లు ఎవరి ఇంట్లో దిగారు, ఎవరు వండి పెట్టారు, వాళ్లు వెళ్లాక ఆ ఇంటివాళ్లు ఏమయ్యారో కూడా అడగండి. వచ్చినవాళ్ల పేరు పక్కనే ఆ ఇంటివాళ్ల పేర్లూ రాయండి. చెప్పగలిగిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.