కరిసల్ సీమలో బాలల కళాభ్యాసము

తమిళనాట కోవిల్‌పట్టి, విరుదునగరముల చుట్టును వ్యాపించిన నల్లరేగడి నేలను కరిసల్ సీమ యందురు. పూర్వము తెలుగు కుటుంబములనేకము వలసవచ్చి స్థిరపడిన యీ మెట్టసీమలో, ఇంట తెలుగును బడిలో తమిళమును నేర్చి పెరిగిన బాలలకు కళ పాఠ్యవిషయముగా గాక, జమీందారు కొలువునుండియు, ఊరి కొలుపునుండియు, ముంగిట విన్న కథలనుండియు అబ్బెను.

కోవిల్‌పట్టికి తూర్పుననున్న ఎట్టయపురపు తెలుగు జమీందారుల ఆస్థానము సంగీతపోషణకు ప్రసిద్ధము. 1839లో జన్మించిన సుబ్బరామ దీక్షితులు, తన్ను దత్తు చేసికొన్న మాతామహుడు బాలస్వామి దీక్షితుల శిక్షణలో పెరిగి, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగున ప్రకటించెను. అంతటి ఉద్గ్రంథమును రచించిన విద్వాంసుడే తొలిమెట్టు నెక్కువారికై ప్రథమాభ్యాస పుస్తకమును గూడ వ్రాయుట, ఆయన పాండిత్యముకంటెను మెచ్చదగిన సంగతి. ఆ యూరనే 1882లో పుట్టిన కవి సుబ్రహ్మణ్యునకు పదునొకండవ యేటనే భారతి యను బిరుదము లభించినది.

కొలువు మెప్పు కొలదిమందికే. పేదపిల్లల చేతులకు చిరకాలము దొరకినది అగ్గిపెట్టెల పని. 1986 నాటి బాలకార్మిక చట్టము పిదపనే వారిని బడికి మరల్చు యత్నములు బలపడినవి.

తెలుగు మాటలాడు రాజకంబళ నాయకుల దేవరాట్టమను నృత్యమునకు రాజాశ్రయముతో పనిలేదు. అందు పాట యుండదు. ఉరుమి మ్రోతకు గజ్జెకాళ్లును చేతిరుమాళ్లును ఏకగతిని కదలవలెను. అనంతపురపు ఉరుముల నృత్యము నెఱిగినవారికి ఈ వాద్యము క్రొత్త గాదు. నలుగురిలో నోరు మెదపలేని బాలుడు సైతము ఆ వరుసలో నిలిచి, ప్రక్కవాని యడుగును కనిపెట్టుచు, తన యుద్వేగమును లయకు లోబఱచుకొన నేర్చును.

కోవిల్‌పట్టి చేరువ ఇడైసెవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్, ఏడవ తరగతిలోనే బడి మానినను, విన్న కథలను కూర్చి, వలస తెలుగుల గాథను గోపల్ల గ్రామమను నవలగా మలచెను. ఆయన మిత్రుడును ఆ యూరివాడును నైన కు. అళగిరిసామి కథాసంపుటి అన్బళిప్పు 1970లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినది. బాలల మనస్సును తెలిసికొనగోరు ఉపాధ్యాయులు ముందుగా చదువదగినది అందలి ఆ పేరి కథయే. పిల్లలు మామవలె చేరదీసికొన్న యువకుడొకడు వారిలో ఇద్దఱికి డైరీలు కానుకగా నిచ్చి, సారంగుడను మఱియొక బాలుని మఱచును. ఆ బాలుడు అలుగడు, అడుగడు. కొన్నాళ్లకు ఆయనను తన యింటికి పిలిచి, ఆదరించి, తానే ఒక డైరీని తెచ్చి, దానిపై ప్రేమ కానుకయని తన పేర వ్రాసియిమ్మని కోరును.