అంతర్జాతీయ సంస్థల ఉద్యోగుల సంతాన భత్యం

అంతర్జాతీయ సంస్థల ఉద్యోగుల సంతాన భత్యం అనగా ఐక్యరాజ్య సమితి, దాని అనుబంధ సంస్థలు, యూరోపియన్ యూనియన్ మొదలైనవి తమ ఉద్యోగులకు పిల్లల పోషణ నిమిత్తం జీతంతో పాటు చెల్లించే సొమ్ము. ఇది చేసే పనిని బట్టి కాక కుటుంబ స్థితిని బట్టి ఇచ్చేది. కావున కుటుంబం అంటే ఏమిటో, బిడ్డ అంటే ఎవరో నియమావళియే నిర్వచించవలసి వచ్చింది. ఆ నిర్వచనాలలో ఇమడని ఉద్యోగులు వాటిని వివక్షగా భావించి ట్రిబ్యునళ్ళను ఆశ్రయించారు.

నేపథ్యం

1946 నాటి ఒప్పందం ప్రకారం సమితి అధికారుల జీతాలపై సభ్యదేశాలు ఆదాయపు పన్ను విధించరాదు. పన్ను లేనందున, పిల్లలున్నవారికి జాతీయ చట్టాలు ఇచ్చే పన్ను రాయితీ కూడా వీరికి అందదు. ఆ లోటును పూడ్చడం ఈ భత్యం ఉద్దేశాలలో ఒకటి. 1974లో ఏర్పడిన అంతర్జాతీయ సివిల్ సర్వీసు కమిషన్, ఎనిమిది ప్రధాన కార్యాలయ కేంద్రాలలో అమలయ్యే పన్ను రాయితీలను, సంక్షేమ చెల్లింపులను లెక్కగట్టి, ఉన్నత శ్రేణి ఉద్యోగులందరికీ ఒకే మొత్తాన్ని సిఫారసు చేస్తుంది. 2017లో ఇది బిడ్డకు సంవత్సరానికి 2,929 డాలర్లు. వికలాంగులైన పిల్లలకు దీనికి రెట్టింపు. స్థానికంగా నియమితులైన సిబ్బందికి మాత్రం ఆయా ప్రదేశాల వాడుకను బట్టి మొత్తం నిర్ణయమవుతుంది. ఆ కారణంగా ఒకే కార్యాలయంలోని ఇద్దరు ఉద్యోగులకు వేర్వేరు మొత్తాలు అందవచ్చు.

అర్హత

సమితి నియమాల ప్రకారం 18 సంవత్సరాల లోపు పిల్లలకు, పూర్తికాలం చదువుతున్నచో 21 సంవత్సరాల లోపు వారికి భత్యం లభిస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో చదువుకొనేవారికి పరిమితి 26 సంవత్సరాలు. వైకల్యం గల పిల్లలకు సమితిలో వయోపరిమితి లేదు. భార్యాభర్తలిద్దరూ సమితి ఉద్యోగులైతే ఒక బిడ్డకు ఒక్కరే భత్యం పొందగలరు. అదే బిడ్డకు ప్రభుత్వం నుండి సహాయం అందుతున్నచో ఆ మేరకు భత్యం తగ్గుతుంది. విడాకుల తరువాత బిడ్డ వేరుగా నివసిస్తున్నచో, పోషణలో ప్రధాన భాగం తనదేనని ఉద్యోగి రుజువు చూపాలి.

ఆధారితునిగా గుర్తింపు లేని బిడ్డకు విద్యా సహాయం, ప్రయాణ ఖర్చులు వంటి ఇతర సదుపాయాలు కూడా అందవు. కావున ఒక నిర్వచనం వలన కలిగే నష్టం భత్యం మొత్తానికే పరిమితం కాదు.

వివాదాలు

స్త్రీ పురుష భేదం: యూరోపియన్ సమాజాల పాత నియమావళిలో "కుటుంబ యజమాని" అనగా సాధారణంగా వివాహితుడైన పురుషుడు. వివాహిత స్త్రీకి ఆ హోదా భర్త అశక్తుడైనప్పుడు లేదా తీవ్ర అనారోగ్యంతో ఉన్నప్పుడే దక్కేది. ఈ నియమం వలన వివాహానంతరం ప్రవాస భత్యాన్ని కోల్పోయిన సబ్బాతినీ అనే ఉద్యోగిని యూరోపియన్ పార్లమెంటుపై దావా వేయగా, లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం 1972 జూన్ 7న ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఇది సంతాన భత్యానికి నేరుగా సంబంధించిన తీర్పు కాకపోయినా, భత్యాల నియమాలలో లింగ భేదం చెల్లదన్న సూత్రాన్ని స్థిరపరచింది.

భాగస్వామ్యం: స్వీడన్‌లో నమోదైన స్వలింగ భాగస్వామ్యం ఆధారంగా ఒక ఉద్యోగి కోరిన కుటుంబ భత్యాన్ని అదే న్యాయస్థానం 2001లో నిరాకరించింది. 2004 సవరణలతో యూరోపియన్ నియమావళి, వివాహానికి అవకాశం లేని నమోదిత భాగస్వాములకు ఈ హక్కు కల్పించింది. సమితిలో 2004 నుండి ఉద్యోగి జాతీయతకు చెందిన చట్టం ప్రమాణంగా ఉండేది. అందువలన ఒకే రకమైన బంధంలో ఉన్న ఇద్దరు ఉద్యోగులలో ఒకరికి గుర్తింపు లభించి, మరొకరికి లభించకపోయేది. 2014లో బంధం ఏర్పడిన ప్రదేశపు చట్టాన్ని ప్రమాణంగా స్వీకరించారు. దీనిని రద్దు చేయాలని రష్యా తెచ్చిన తీర్మానం 2015 మార్చిలో 43-80 ఓట్లతో వీగిపోయింది. 37 దేశాలు తటస్థంగా ఉన్నాయి. భారతదేశం తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసింది.

దత్తత: దత్తత గుర్తింపు దేశ చట్టాలపై ఆధారపడినందున, దత్తత చట్టం లేని దేశాల ఉద్యోగులకు చిక్కులు ఏర్పడతాయి. భారతదేశంలో 1956 నాటి దత్తత చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే వర్తిస్తుంది. ఇతర మతస్థులకు చాలాకాలం 1890 నాటి చట్టం క్రింద సంరక్షకత్వం మాత్రమే లభించేది. 2000 నాటి బాలల న్యాయ చట్టం, దానికి 2006లో చేసిన సవరణలు అన్ని మతాలవారికీ దత్తత మార్గాన్ని తెరిచాయి.

న్యాయ మార్గం

సమితికి జాతీయ న్యాయస్థానాల విచారణ నుండి రక్షణ ఉన్నది. అందుచేత ఉద్యోగి స్వదేశపు కోర్టుకు వెళ్ళజాలడు; అంతర్గత ట్రిబ్యునళ్ళే అతనికి దిక్కు. 1949 నాటి సమితి పరిపాలనా ట్రిబ్యునల్ స్థానంలో 2009 జూలై 1 నుండి వివాదాల ట్రిబ్యునల్ మరియు అప్పీళ్ళ ట్రిబ్యునల్ పనిచేస్తున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ట్రిబ్యునల్ అనేక ఇతర సంస్థల వివాదాలను కూడా విచారిస్తుంది. సమాన స్థితిలో ఉన్నవారిని సమానంగా చూడాలన్నది వీటి ప్రధాన సూత్రం. అయితే ఇద్దరు ఉద్యోగుల కుటుంబాలు "సమాన స్థితి"లో ఉన్నాయా లేదా అన్నదే ఈ వివాదాలలో తేలవలసిన ప్రశ్న.