భట్టిప్రోలు దిబ్బ చెప్పిన పాఠం

మొన్న సెలవుల్లో మేము పిల్లలను వెంటబెట్టుకుని రేపల్లె రైలెక్కి భట్టిప్రోలు బౌద్ధ స్తూపం చూసి వచ్చాం. రెండువేల ఏళ్ళు దాటిన కట్టడమది. 19వ శతాబ్దంలో దాని ఇటుకలను రోడ్డు పనులకు తరలించారు. మిగిలినచోట 1892లో అలెగ్జాండర్ రీ దొరగారు తవ్వించగా, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన రాతి పేటికలు మూడు బయటపడ్డాయి.

"మాస్టర్ సాబ్, మిగతా చరిత్ర రోడ్డు కిందే ఉందా?" అన్నాడొక పిల్లవాడు. మేము జవాబు చెప్పలేకపోయాం.

ఊరికొచ్చి చూస్తే, మన ఖబరస్తాన్ రాయి ఒకటి బట్టలుతికే బండగా పడివుంది. ఫార్సీ అక్షరాలు సగం అరిగిపోయాయి. మిగిలిన సగం పిల్లలు కాగితం మీద రాసుకున్నారు.

మీ ఇళ్ళలో పాత రాళ్ళు, దస్తావేజులు ఉంటే పారేయకండి. సొసైటీకి చూపించండని మనవి.